నూటికి నలభై ఒకటి

ఐదో రోజు పొద్దున తడిగుడ్డ చుట్టలు విప్పగానే ఆఫీసు వెనకగదంతా పులిసిన వాసన కొట్టింది. మొలకల వాసన అలా ఉండదు. ఉడుత మొదటి గుడ్డను బల్లమీద పరిచి లెక్క మొదలుపెట్టింది.

వరుసకు పది చొప్పున పది వరుసలు, మొత్తం నూరు సోయా గింజలు. తెల్లటి వేరు దించి, మెడ వంచి లేచినవి మంచివి. ఉబ్బి, జిగురుపట్టి, వేలితో నొక్కితే గుజ్జయ్యేవి చచ్చినవి. మంచివి నలభై మూడు తేలాయి. రెండో గుడ్డలో ముప్పై తొమ్మిది. ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని చీపురుపుల్లతో ఒక్కొక్క గింజనూ పక్కకు జరుపుతూ మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అవే అంకెలు. సగటున నూటికి నలభై ఒకటి.

మిగిలిన రెండు గుడ్డలూ విప్పింది. వాటిలో ఎనభై ఆరు, ఎనభై మూడు. మొలకల వేళ్లు గుడ్డలోకి దిగి, లాగితే రానంత గట్టిగా పట్టుకున్నాయి.

నాలుగు గుడ్డల్లోనూ ఒకే రకం విత్తనం, సంచుల మీద ఒకే నంబరు. ఉన్న తేడా ఒక్కటే. బాగా మొలిచినవి గోదాము పెద్ద హాల్లోని సంచుల్లోంచి తీసినవి. చచ్చినవి వెనక రేకుల షెడ్డులోని సంచుల్లోంచి తీసినవి. ఆ గోదాము తాళాలుండేది ఆమె బాబాయి మొలలో.

ఉడుత వ్యవసాయ కళాశాలలో మూడో ఏడు చదువుతోంది. కుదురుగా ఒకచోట కూర్చోదని చిన్నప్పుడు బాబాయి పెట్టిన పేరు అది, ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది. వేసవిలో విద్యార్థులు ఎనిమిది వారాలు ఏదో ఒక వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్పు చేసి, రికార్డు రాసి, అక్కడి అధికారి చేత మార్కులు వేయించుకుని రావాలి. పిన్నీ బాబాయిల ఇల్లుందని ఆమె ఈ ఊరి ఆఫీసు కోరుకుంది. వచ్చిన రెండో వారంలో ఆఫీసరు గారు, "ఊరికే కూర్చుంటే నువ్వు అరగవు గానీ కుర్చీ అరుగుతుంది. గోదాముకెళ్లి గింజలు తెచ్చి మొలక పరీక్ష పెట్టు. రికార్డులో ఒక పేజీ నిండుతుంది" అన్నాడు. విత్తనం వచ్చినప్పుడే ధ్రువీకరణ చీటీతో వచ్చింది కాబట్టి ఈ పరీక్షలో ఏదో తేలుతుందని ఆయనా అనుకోలేదు, ఆమే అనుకోలేదు.

అందుకే పంపిణీ ఆగలేదు. మూడు రోజులుగా సంచులు వెళ్తున్నాయి. గేటు దగ్గర బల్ల వేసుకుని చీటీలు రాసింది ఉడుతే. చీటీ చేతికిస్తూ ప్రతి ఒక్కరికీ, "మంచి విత్తనం. పదునుండగానే విత్తుకోండి" అని చెప్పింది కూడా ఆమే. షెడ్డు గేటుకు దగ్గర. హమాలీలకు మోత తగ్గుతుందని ముందు షెడ్డు సంచులే ఇచ్చారు.

మొన్నటి వానకు నేల పదునెక్కింది. రేపటి నుంచి ముసురు పట్టి వారం దాకా వదలదని వాతావరణం వాళ్లు చెప్పారు. ముసురు పడితే నల్లనేలలో కాలు పెట్టలేరు. అది వదిలేసరికి అదను దాటిపోతుంది. అందుకని అందరూ ఈ రోజే విత్తే గొర్లు కట్టారు. చచ్చిన విత్తనం ఇవాళ నేలలో పడితే, మొలవలేదని తెలిసేసరికి మళ్లీ విత్తడానికి వేళ ఉండదు.

ఆమె తడిగుడ్డలు పళ్లెంలో పెట్టుకుని గోదాముకు నడిచింది.

బాబాయి తూకం యంత్రం దగ్గర నిలబడి హమాలీతో ఏదో హాస్యమాడుతున్నాడు. ఆమెను చూసి, "ఏమే ఉడుతా, పళ్లెం పట్టుకొచ్చావు, నైవేద్యమా?" అన్నాడు.

"షెడ్డు సంచులు ఎప్పట్నుంచి అక్కడున్నాయి బాబాయ్?"

"ఏం, వాటికి జ్వరమొచ్చిందా?"

ఆమె పళ్లెం తూకం మీద పెట్టి గుడ్డలు విప్పింది. ఇరవై రెండేళ్లుగా గింజల మధ్య బతికిన మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. జిగురు వేలికంటుకుంది. హమాలీని టీ తాగి రమ్మని పంపేసి, షెడ్డు వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

షెడ్డులో అప్పుడే సెగ పుడుతోంది. రేకులు తలకు మూరెడు పైన ఉన్నాయి. కిటికీ లేదు. గోడ పొడవునా ఇంకా ఓ నలభై సంచులున్నాయి.

"ఎరువుల లారీ వచ్చిందారోజు" అన్నాడు బాబాయి, సంచుల వైపు చూస్తూ. "నలుగురు హమాలీలు రావాల్సింది, ఇద్దరొచ్చారు. హాల్లో చోటు చాల్లేదు. మబ్బు పట్టింది, ఎరువు తడిస్తే నీళ్లపాలవుతుంది. సగం విత్తనం ఇక్కడికి మార్పించి ఎరువు లోపల దింపించా. రెండ్రోజులే కదా అనుకున్నా."

"రెండ్రోజులేనా?"

"రెండు నెలలైంది."

ఆ రెండు నెలల్లో ఎండలు ఎలా కాశాయో ఇద్దరికీ తెలుసు. విత్తనం బతికున్న వస్తువని, వేడికి ఊపిరాడక చస్తుందని ఆమెకు పాఠం చెప్పింది కాలేజీలో కాదు. ఏడేళ్లప్పుడు ఇదే గోదాములో, భుజం మీద కూర్చోబెట్టుకుని బాబాయే చెప్పాడు.

"ఎవరికి చెప్పావ్?"

"ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"మంచిపని చేశావ్." ఆయన గొంతు తగ్గించాడు. "రెండ్రోజులు నోరు కుట్టుకో. నేను ఒక్కొక్కరి దగ్గరికెళ్లి, ఏదో నంబరు తేడా వచ్చిందని చెప్పి, సంచులు మార్చేస్తా. ఈ చెవి సంగతి ఆ చెవికి తెలియదు."

"ముప్పై ఒక్క ఇళ్లు బాబాయ్. అందరూ ఇవాళ విత్తుతున్నారు."

"సగం మొలిచినా పంట పంటే. కాస్త దట్టంగా వేసుకుంటారు."

"నలభై ఒకటి సగం కూడా కాదు."

ఆయన మొలలోని తాళాలు పట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్లు మోశానే ఇవి. ఒక్క మచ్చ లేదు. ఇంకో మూడేళ్లుంది నాకు." ఆ తర్వాత అన్నది ఆజ్ఞలా లేదు, బతిమాలినట్టుంది. "నీ పరీక్షే తప్పని అనుకోకూడదూ?"

ఆమె తూకం దగ్గరికెళ్లి గుడ్డలు మళ్లీ చుట్టింది. పళ్లెం తీసుకుని బయటికొచ్చేసింది.

ఆఫీసరు గారు రెండు రోజుల సమావేశానికి నగరానికి వెళ్లాడు. మూడుసార్లు చేస్తే గానీ ఫోను ఎత్తలేదు. ఎత్తాక ఆమె చెప్పినదంతా విన్నాడు. వెనకాల ఎవరో మైకులో మాట్లాడుతున్నారు.

"పరీక్ష సరిగా పెట్టావా?"

"హాలు గింజలు ఎనభై నాలుగున్నర వచ్చాయి సార్. అన్నీ ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గది."

మైకు చప్పుడు దూరమైంది. "పంపిణీ ఇప్పుడే ఆపమని గోదాముకు ఫోన్ చేస్తా. ఇచ్చేసినవాటి సంగతి మాత్రం పైనుంచి రాతపూర్వకంగా రావాలి. మనమే నోటిమాటగా విత్తనం చచ్చిందంటే రేపు కోర్టుల చుట్టూ తిరగాలి. ఇంకోసారి పరీక్ష పెట్టు."

"అది తేలడానికి ఐదు రోజులు పడుతుంది సార్. విత్తడం ఇవాళే."

"నాకు తెలియదా అమ్మాయ్? నేను రేపు పొద్దున బయల్దేరి వస్తా. అంతవరకూ ఎవరికీ చెప్పకు. నువ్వు విద్యార్థివి. నీ మాటకు సంతకం లేదు, ముద్ర లేదు."

ఫోను పెట్టేశాక ఆమె కిటికీలోంచి చూసింది. పడమర దిక్కున మబ్బు ఇంకా పల్చగానే ఉంది. గోడగడియారంలో పన్నెండు కావస్తోంది. రోజూ ఈపాటికి కడుపులో ఎలుకలు పరుగెత్తేవి. ఇవాళ ఆకలి ఊసే లేదు. అయినా ఇంటికెళ్లింది, ఊరి బయట పొలాలకు వెళ్లాలంటే పిన్ని సైకిలు కావాలి కనుక.

పిన్ని ముందుగదిలో కుట్టుమిషను మీద బడిపిల్లల చొక్కాలు కుడుతోంది. మిషను ఆపలేదు. చొక్కా చెయ్యి అతికించడం పూర్తయ్యేదాకా తల కూడా ఎత్తలేదు. బాబాయి అప్పుడే వచ్చి వెళ్లాడని, అన్నం ముట్టలేదని, వంటింట్లో మూతపెట్టిన కంచం చూస్తే తెలిసింది.

"ఆయన నాతో చెప్పాడు" అంది పిన్ని.

"ఏం చెయ్యమంటావ్ పిన్నీ?"

"ఏమీ చెయ్యొద్దంటున్నా. మీ ఆఫీసరు కూడా అదే అన్నాడటగా. అంత చదువుకున్నాయన చెప్పొద్దంటే, నీకెందుకు?"

"సార్ రేపొస్తాడు. ఈలోపు విత్తేస్తారు."

పిన్ని దారం కొరికి తెంపింది. "మీ అమ్మ మంచం పట్టిన ఏడాది నిన్నెవరు పెంచారే? ప్రవేశ పరీక్ష రోజు నువ్వు లోపల రాస్తుంటే ఎండలో మూడు గంటలు గేటు పట్టుకుని నిలబడిందెవరు? ఆయన ఉద్యోగం పోతే ఈ మిషను మీద ఇల్లు నడపాలి నేను." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని ఉడుతకు అనిపించింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పిల్లవనుకోలేదు."

ఉడుత గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పిన్ని చెప్పినవన్నీ నిజాలే, ఒక్కటీ కాదనేది లేదు. మిషను మళ్లీ మొదలైంది. కాసేపటికి ఆమె గోడకు తగిలించిన సైకిలు తాళంచెవి తీసుకుంది. పిన్ని చూసింది, తీసుకోవద్దని మాత్రం అనలేదు.

ముప్పై ఒక్క ఇళ్లలో ఉడుతకు పొలం దారి తెలిసింది ఒక్కరిదే. ఆమెను ఆఫీసులో అందరూ రెండెకరాల అత్త అంటారు. మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతుంటే సేద్యమంతా ఆమే చూసుకుంటుంది. ఇప్పుడు కౌలుతో కలిపి ఐదెకరాలు చేస్తున్నా పాత పేరు వదల్లేదు. మొదటి వారంలో మట్టి నమూనాలు తియ్యడానికి ఉడుత వాళ్ల పొలానికే వెళ్లింది.

సైకిలు గట్టు మీద పడేసి పరుగెత్తేసరికి ట్రాక్టరు చేను మధ్యలో ఉంది. వెనక విత్తే గొర్రు మీద నిలబడి అత్త డబ్బాలో గింజలు సర్దుతోంది. అప్పటికే పాతిక చాళ్లు పడ్డాయి. ఉడుత రెండు చేతులూ ఎత్తి ట్రాక్టరుకు ఎదురెళ్లింది.

"చావాలనుందా పిల్లా?" అన్నాడు ట్రాక్టరాయన, బ్రేకు తొక్కి.

"ఆపండత్తా. ఈ విత్తనం మొలవదు."

అత్త గొర్రు దిగి వచ్చింది. ముఖమంతా దుమ్ము. "మొన్న గేటు దగ్గర మంచి విత్తనమని చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"ఇవాళ కాదంటున్నదీ నువ్వే."

"మొన్న చూడకుండా చెప్పాను. ఇవాళ చూసి చెబుతున్నా." సంచిలో తెచ్చిన గుడ్డలు తీసి, అత్త చేతిలో పెట్టింది. "ఇవి మీకిచ్చిన గింజలు. నూటికి నలభై ఒకటి. ఇవి హాల్లోవి. రెండూ చూడండి."

అత్త చూసింది. ట్రాక్టరాయన కూడా దిగివచ్చి మెడ సాచి చూశాడు. అత్త డబ్బాలోంచి ఒక గింజ తీసి పంటికింద పెట్టి కొరికి, ఉమ్మేసింది.

"కంపెనీ వాళ్ల తప్పా?"

ఇక్కడ అవునని తలూపితే సరిపోయేది. ఆ క్షణంలో అలా ఊపుదామనే అనిపించిందని ఆమె తర్వాత ఒప్పుకుంది.

"కాదు. మా బాబాయి రెండు నెలలు రేకుల షెడ్డులో పెట్టాడు."

అత్త ఆమె ముఖంలోకి చూసింది. "మీ ఆఫీసరు చెప్పమన్నాడా?"

"చెప్పొద్దన్నాడు."

"ఊఁ" అంది అత్త. ఇంకేమీ అడగలేదు. రవికలో దోపుకున్న ఫోను తీసి, చెయ్యి దుమ్మంతా కొంగుకు తుడుచుకుని, మొదటి నంబరు నొక్కింది. "ఒరేయ్ మేకలోడా, గొర్రు ఆపు. ఎందుకో తర్వాత చెబుతా, ముందు ఆపు. సంచులు బండిలో వేసుకుని గోదాముకి రా." అలా తనకు తెలిసిన పదకొండు మందికి చేసింది. అందులో ఇద్దరు అప్పటికే విత్తడం ముగించి కాళ్లు కడుక్కుంటున్నారు.

మిగిలిన పంతొమ్మిది మంది ఎవరో తెలియాలంటే పంపిణీ రిజిస్టరు కావాలి. మార్చి ఇవ్వడానికి హాలు తలుపు తెరవాలి. రెండూ బాబాయి చేతిలోనే ఉన్నాయి.

వాళ్లు వెళ్లేసరికి మూడు దాటింది. గోదాము గేటుకు తాళం వేసుంది. బాబాయి లేడు, ఫోను ఎత్తడం లేదు. ఒక్కొక్కరే ట్రాలీల మీద, స్కూటర్ల మీద సంచులతో రాసాగారు. పది మంది పోగయ్యారు, తర్వాత పన్నెండు మంది. పడమటి మబ్బు నల్లబడి సగం ఆకాశం దాకా వచ్చింది. గాలి ఆగిపోయింది.

"దాక్కున్నాడు" అన్నాడొకడు.

"తాళం పగలగొట్టండి. గునపం నా బండిలో ఉంది."

మేకలవాడని పిలిచే మనిషి నిజంగానే గునపం తెచ్చాడు. ఉడుత తాళానికి అడ్డంగా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. తాళం పగిలితే ఎవరికి ఏ సంచి వెళ్లిందో లెక్క ఉండదనుకుందో, లోపలున్న మంచి సంచులు దొరికినవాడికి దొరికినన్ని పోతాయనుకుందో. అంతకంటే, ఆ గేటు పగలడం చూడటం ఆమె వల్ల కాదు.

"పక్కకు తప్పుకో అమ్మాయ్. నీ మీద మాకు కోపం లేదు."

"పది నిమిషాలు ఆగండి."

"ఆ పది నిమిషాలు మబ్బునడుగు."

ఆ మనిషి గునపం ఎత్తిన చెయ్యి దించలేదు. అప్పుడే రోడ్డు మలుపులో బాబాయి స్కూటరు కనిపించింది. ఎవరికీ అడ్డుపడకుండా మెల్లగా వచ్చి, గేటు ముందు ఆపి, స్టాండు వేశాడు. ముందు డిక్కీలోంచి రిజిస్టరు తీశాడు. అంతమంది చూస్తుండగా నేరుగా ఉడుత దగ్గరికొచ్చి, ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం నుంచి ఆయన ఎక్కడున్నాడో తర్వాత తెలిసింది. గుట్టుగా సంచులు మార్చేద్దామని అందరికంటే దూరంగా ఉన్న ఇంటికి ముందు వెళ్లాడట. ఆ రైతు నాలుగెకరాలూ విత్తేసి, వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చున్నాడు. ఈయన్ను చూడగానే లేచి, సమయానికి విత్తనం ఇచ్చావు, వానకంటే ముందు ముగించానని చేతులు పట్టుకుని, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. బాబాయి ఆ నీళ్లు తాగి, ఒక్క మాట చెప్పలేక లేచొచ్చేశాడు. దారిలో ఒక కల్వర్టు మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు చదువు" అన్నాడిప్పుడు ఉడుతతో. "నాకు నోరు రావడం లేదు."

ఎవరో ఆయన చొక్కా కాలరు పట్టుకున్నారు. బాబాయి విడిపించుకోలేదు. గుండీ తెగి కిందపడింది. ఉడుత కదలబోయేలోపల రెండెకరాల అత్త ఆ చేతిని పట్టుకుని కిందికి లాగింది.

"కొట్టడానికి రేపుంది. విత్తడానికి రేపు లేదు. ముందు సంచులు దింపండి."

బాబాయి తాళం తీశాడు. ఉడుత రిజిస్టరు తెరిచి పేర్లు చదువుతూ పోయింది. వచ్చినవాళ్లకు గుర్తు పెట్టింది, రానివాళ్ల ఫోను నంబర్లు అక్కడున్నవాళ్లకు తలా రెండు పంచింది. హమాలీలు లేరు. బాబాయే సంచులు వీపున వేసుకుని హాల్లోంచి మోశాడు. నడుము నొప్పికి బెల్టు పెట్టుకునే మనిషి. మూడో సంచికి మొహం చెమటతో తడిసిపోయింది. ఐదో సంచికి మేకలవాడు గునపం పక్కన పడేసి, రెండో కొస పట్టుకున్నాడు.

ఐదు దాటాక మొదటి చినుకు పడింది. అప్పటికి ఇరవై ఆరు ఇళ్లవాళ్లు సంచులు మార్చుకుపోయారు. కొందరు చినుకుల్లోనే గొర్లు తోలారు. రెండెకరాల అత్త చీకటి పడేలోపల మూడెకరాలు ముగించింది. ఐదు ఇళ్లవాళ్లు మాత్రం అప్పటికే విత్తేశారు. వాళ్లకు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

మర్నాడు ఆఫీసరు గారు వానలో తడుస్తూ వచ్చి, గొడుగు మూలన పెట్టి, ఉడుతను పిలిచాడు.

"నేను చెప్పొద్దన్నాను."

"అవును సార్."

"చెప్పావు."

"అవును సార్."

ఆయన తువ్వాలుతో చాలాసేపు తల తుడుచుకున్నాడు. "ఎందరు మిగిలారు?"

"ఐదుగురు."

"వాళ్ల పేర్లివ్వు. వాన తెరిపిస్తే పోయి చూద్దాం. ఇంకా విత్తనం తీసుకోనివాళ్లకు వేరేచోట నుంచి సంచులు అడగాలి, దానికి ఉత్తరం రాసిపెట్టు. తర్వాత జరిగింది జరిగినట్టు ఒక నివేదిక రాయి. నీ చేత్తోనే. నేను ఫోన్లో ఏమన్నానో అదీ రాయి."

ఆ నివేదిక రాయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఇంట్లో మాటల్లేవు. పిన్ని వేళకు కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, ఉడుత కూర్చోగానే గదిలోంచి లేచి వెళ్లేది. రెండో రోజు సాయంత్రం బాబాయి ఆమె బల్ల దగ్గరికొచ్చి, "చూడొచ్చా?" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని మూడు పేజీలూ చదివాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ తేదీ తప్పు. ఎరువుల లారీ పదహారున వచ్చిందని రాశావు. ఎనిమిదిన వచ్చింది."

"స్టాకు రిజిస్టర్లో పదహారనే ఉంది బాబాయ్."

"అది నేను తర్వాత దిద్దింది, షెడ్డులో ఉన్న రోజులు తగ్గి కనపడాలని." కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎనిమిదని రాయి. దిద్దానని కూడా రాయి."

ఆమె కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన వెళ్లకుండా, ఆమె కొట్టేసి రాసేదాకా పక్కనే నిలబడ్డాడు.

విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు. ఉడుత గంటసేపు సమాధానాలు చెప్పింది. బాబాయి ఏదీ కాదనలేదు. గోదాము తాళాలు ఇంకొకరి చేతికి వెళ్లాయి. ఆయన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ హోదా తగ్గించి, రెండు బస్సులు మారితే గానీ చేరలేని ఊళ్లో లారీలు తూచే తూకం వంతెన దగ్గర వేశారు. పొద్దున ఐదుకు బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేవాడు.

ఆ ఐదు పొలాల్లో ముసురు వదిలాక చాళ్లు పళ్లూడిన నోళ్లలా కనిపించాయి. ఆఫీసరు గారు, ఉడుత, రెండెకరాల అత్త మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి వెళ్లి, ఇద్దరి పొలాల్లో ఖాళీలన్నీ వేళ్లతో గుంట చేసి గింజ పెట్టారు. ఆ రెండూ ఆలస్యంగానైనా తేరుకున్నాయి. ఇంకో ఇద్దరు దున్నేసి వేరే పంట వేసుకున్నారు. నాలుగెకరాల రైతు దేనికీ ఒప్పుకోలేదు. చేను అలాగే వదిలేశాడు. బాబాయి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లాడు. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి తీశాడు గానీ కూర్చోమనలేదు.

ఎనిమిదో వారం చివర ఆఫీసరు గారు మార్కుల కాగితం ఇచ్చాడు. అన్నిటికీ ఇరవైకి ఇరవై, 'ఆదేశాల పాటింపు' అన్నచోట మాత్రం ఆరు. "అబద్ధం రాయలేను కదా" అన్నాడు, నవ్వకుండానే.

వెళ్లేరోజు పిన్ని బస్సు దాకా వచ్చింది. బస్సు కదలబోతుండగా కిటికీ దగ్గరికొచ్చి, చువ్వ మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు చేసింది తప్పని నేననను. నా కోపం మాత్రం పోలేదు. పోయాక నేనే ఫోన్ చేస్తా. నువ్వు చెయ్యకు."

ఉడుత తలూపింది. బాబాయి వారానికోసారి తూకం వంతెన దగ్గర్నుంచి చేసేవాడు. లారీల చప్పుడులో ఆయన మాట సగం వినపడేది కాదు. పిన్ని ఎలా ఉందని అడిగితే, "ఉంది" అనేవాడు.

పిన్ని ఫోను రావడానికి నాలుగు నెలలు పట్టింది.